వైద్య విద్యా? వ్యాపారమా? మన పిల్లల ముందున్న ప్రశ్న

(ఈ ఏడాది కళాశాలల్లో చేరిన ముస్లిం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం విజయనగరంలో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను అరగంట మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, వర్తకుణ్ణీ కాను. విజయనగరం జిల్లా ఏర్పడిన 1979లో నేను డిగ్రీ విద్యార్థిని. ఆ తరువాత రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, తాలూకా కచేరీలు పోయి మండలాలు రావడం చూసి, ఫైళ్ల మధ్యనే పదవీ విరమణ చేశాను. కుల ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రాలు నా బల్ల మీదుగా వేలల్లో వెళ్లాయి. ఇప్పుడు మస్జిదు పక్క గదిలో మగ్రిబ్ నమాజు తరువాత రెండు గంటలు కూర్చుని పిల్లల దరఖాస్తులు నింపి పెడుతున్నాను. ఈ విషయం మీద నాకున్న అర్హత అంతే. పిల్లల భవిష్యత్తును కాగితాల వైపు నుంచి చూసినవాణ్ణి.

గత నెలలో ఒక తండ్రీ కొడుకులు ఆ గదికి వచ్చారు. అబ్బాయి ఇంటర్ బైపీసీ చదివాడు. నీట్‌లో అర్హత మార్కు వచ్చింది కానీ సీటు వచ్చే మార్కు రాలేదు. ఇక్కడే డిగ్రీ కళాశాలలో బీకాం మొదటి సంవత్సరంలో చేరి పది రోజులు తరగతులకు వెళ్లాడు. తండ్రికి మోటారు సైకిళ్ల విడిభాగాల దుకాణం ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి అయినా పిల్లవాణ్ణి లాంగ్‌టర్మ్ కోచింగుకు పంపాలని ఆయన పట్టుదల.

"మీరైనా వాడికి చెప్పండి భాయ్‌సాబ్. మూడు తరాలుగా మావి గ్రీజు చేతులే. వీడొక్కడైనా తెల్లకోటు వేసుకోవాలి" అన్నారాయన. ఆయన నీళ్లు తాగడానికి బయటికి వెళ్లిన రెండు నిమిషాల్లో అబ్బాయి గొంతు తగ్గించి, "చాచా, నాకు దుకాణమంటేనే ఇష్టం. అబ్బాకి మీరు చెప్పండి, నేను చెబితే కొట్టేటట్టున్నారు" అన్నాడు.

ఇద్దరూ నన్నే వకీలుగా పెట్టుకున్నారు. ఆ రాత్రి నేను ఏ తీర్పూ చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. అవి కూడా ఈరోజు దాచుకోను.

ముందుగా ఆ తండ్రి కోరికను తేలిగ్గా తీసిపారేయవద్దని మనవి. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికను మన సభల్లో చాలాసార్లు తలచుకున్నాం. ఇరవై ఏళ్లు దాటిన జనాభాలో దేశం మొత్తం మీద పట్టభద్రులు, డిప్లొమా ఉన్నవారు 7 శాతం ఉంటే, ముస్లింలలో 4 శాతం కూడా లేరని అది చెప్పింది. ముస్లిం కార్మికుల్లో 61 శాతం మంది సొంత పని మీదే బతుకుతున్నారని కూడా అదే నివేదిక చెప్పింది. సొంత పని అంటే సొంత వ్యాపారమని పొంగిపోకండి. తోపుడు బండి, కుట్టు మిషను, పంక్చరు దుకాణం, మాంసం కొట్టు, అన్నీ అందులోనివే. వ్యాపారం మనకు చాలా వరకు ఎంచుకున్న దారి కాదు, మిగిలిన దారి. అందుకే కొడుకు "నేను వ్యాపారం చేస్తాను" అంటే తండ్రికి "నేను మళ్లీ అక్కడికే వెళతాను" అన్నట్టు వినిపిస్తుంది.

దీనికి మన ప్రాంతపు పరిస్థితి ఒకటి తోడవుతుంది. కర్నూలులోనో గుంటూరులోనో మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడలేం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు నూటికి తొమ్మిదిన్నర మంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరు కూడా లేరు. చికాకోలు సర్కారు రోజులు, శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ పేరుతో ముడిపడిన జుమ్మా మసీదు, విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా, ఇవి మన ఉనికికి సాక్ష్యాలు. కానీ ఓటరు జాబితాలో మనం కనబడీ కనబడనంత. ఇంత తక్కువ మంది ఉన్నచోట ఆసుపత్రి బోర్డు మీద మన పేరొకటి కనబడాలని, ఆ గదిలో మనవాళ్లే కాక ఊరంతా వచ్చి కూర్చోవాలని కోరుకోవడం అత్యాశ కాదు. అయితే ఈ తర్కం వ్యాపారానికీ వర్తిస్తుంది. ఇక్కడ మన దుకాణం మన వాళ్ల కొనుగోళ్ల మీద నడవదు. వచ్చే ప్రతి నూరుమందిలో తొంభై తొమ్మిది మంది ఇతర మతస్థులే. డాక్టరుగా అయినా, దుకాణదారుగా అయినా ఇక్కడ మన పిల్లవాడు ఊరందరి నమ్మకం మీదే బతకాలి.

ఇక అంకెలు. 2025లో నీట్ రాసినవారు దాదాపు 22 లక్షల మంది. అర్హత పొందినవారు 12 లక్షల పైచిలుకు. దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు 1 లక్షా 20 వేలకు కాస్త అటూ ఇటూ. అంటే అర్హత పొందిన పదిమందిలో తొమ్మిది మందికి సీటు లేదు. "మా వాడు క్వాలిఫై అయ్యాడు" అని మిఠాయి పంచిన తండ్రులను నేను చూశాను. అర్హత మార్కు వేరు, సీటు మార్కు వేరు. సీట్లలోనూ తేడాలున్నాయి. ప్రభుత్వ కళాశాలలో కన్వీనర్ కోటా సీటుకు బోధనా రుసుము ఏడాదికి 15 వేల ప్రాంతం. ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా అయితే ఏడాదికి 12 లక్షలు దాటుతుంది. మన విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైందని సంతోషించాం. అయితే అప్పటి ఉత్తర్వుల్లో రాష్ట్ర కోటా సీట్లలో సగం మాత్రమే సాధారణ రుసుముకు ఉంచి, మిగిలిన సగాన్ని 12 లక్షలకు, 20 లక్షలకు పెట్టారు. ప్రభుత్వ కళాశాల అన్న మాట విని అంతా ఉచితమనుకోవద్దు. కౌన్సెలింగు ప్రకటనలో ఏ వర్గం సీటో, రుసుమెంతో ఏటా చదువుకోవాలి.

కాలం కూడా ఖర్చే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. పద్దెనిమిదో ఏట చేరినవాడు బయటికి వచ్చేసరికి ఇరవై మూడు దాటుతాయి. ఈరోజుల్లో పీజీ లేకుండా పట్టణంలో నిలదొక్కుకోవడం కష్టం. పీజీ మరో మూడేళ్లు, దానికి మరో ప్రవేశ పరీక్ష. ఇంట్లో పెద్దకొడుకు సంపాదన మీద చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగి ఉన్న కుటుంబం ఈ లెక్కను పిల్లవాడి ముందు పరచి మాట్లాడాలి. దాచిపెట్టి, సెకండియర్‌లో దెప్పిపొడవకూడదు.

ఇప్పుడు నా సంగతి.

మా పెద్దబ్బాయి పదో తరగతి పాసైనప్పుడు ఎంఈసీ తీసుకుంటానన్నాడు. లెక్కలంటే వాడికి ప్రాణం. చిన్నప్పుడు నా జీతం బిల్లులో పొరపాటు పట్టుకున్నవాడు. నేను వినలేదు. కచేరీలో నా పక్క బల్ల గుమాస్తా కూతురు డాక్టరవుతోంది. నా కొడుకు పద్దులు రాసుకుంటాడా అనుకున్నాను. పీఎఫ్ ఖాతాలోంచి అప్పు తీసి, దూరంగా ఒక పెద్ద ఊళ్లోని రెసిడెన్షియల్ కళాశాలలో బైపీసీలో చేర్పించాను. అప్పటికి నీట్ లేదు, ఎంసెట్. మొదటిసారి ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ ఒక ఏడాది. రాలేదు. రెండో ఏడాది. ఆ రెండో ఏడాది వాడు పంపమన్నది ఇంటికే గానీ, నేను పంపింది డబ్బు. చివరికి బీఎస్సీ చేసి, ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంకాం చదివి, ఇప్పుడు విశాఖపట్నంలో ఒక రవాణా సంస్థలో లెక్కలు చూస్తున్నాడు. మొదట వాడు వెళతానన్న చోటికే ఏడేళ్లు ఆలస్యంగా చేరాడు. నన్ను ఎన్నడూ తప్పుపట్టలేదు. ఒక ఈద్ రోజు మాటల్లో మాటగా అన్నాడు: "అబ్బా, ఆ రెండేళ్లలో నేను బాగా నేర్చుకున్నది ఒక్కటే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు గొంతు మామూలుగా పెట్టుకోవడం."

ఈ అనుభవంతో నేను తెలివి తెచ్చుకున్నాననుకున్నాను. తెచ్చుకోలేదు. తప్పును మరో వైపు తిప్పాను. మా వీధిలో ఒక దర్జీ కూతురు, చురుకైన పిల్ల, సర్కారు జూనియర్ కళాశాలలో చదివి, కోచింగు ఏమీ లేకుండా ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. సీటు వచ్చే ర్యాంకుకు కొద్ది దూరంలో ఆగింది. తండ్రి నన్ను అడిగాడు, మరో ఏడాది చదివించమంటారా అని. నా కొడుకు ముఖం కళ్ల ముందు మెదిలింది. "ఎందుకు భాయ్, ఆశలు పెట్టుకుని ఆడపిల్ల కాలం వృథా చేయడం, నర్సింగులో చేర్పించు" అన్నాను. చేర్పించాడు. ఆ పిల్ల ఇవాళ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. గౌరవమైన ఉద్యోగం, ఇంటిని నిలబెట్టింది. కానీ సంగతి అది కాదు. ఆమె బడి రికార్డులో కులం దగ్గర 'ముస్లిం' అని మాత్రమే ఉంది. ఆ కుటుంబం షేక్‌లు. బీసీ-ఇ ధ్రువపత్రం తీయించి ఉంటే ఆ ర్యాంకుకు ఆ ఏడాదే సీటు దగ్గర్లో ఉందని తరువాత జాబితా చూస్తే తెలిసింది. జీవితమంతా ధ్రువపత్రాలు రాసినవాణ్ణి. ఆ పిల్ల దరఖాస్తు ఒకసారి తీసుకురమ్మని అడగలేదు. మగపిల్లవాడైతే అడిగేవాడినేమో. ఇప్పటికీ ఎదురైతే "చాచా బాగున్నారా" అని పలకరిస్తుంది. నేను తల దించుకుని జవాబు చెబుతాను.

అందుకే ఈ సభలో కాగితాల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

మన రిజర్వేషను ఎలా వచ్చిందో పిల్లలకు తెలియాలి. 2004లో ఇచ్చిన 5 శాతం ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది. 2005 చట్టమూ నిలవలేదు. పి.ఎస్. కృష్ణన్ గారి అధ్యయనం ఆధారంగా 2007లో, ముస్లింలందరికీ కాక, వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతంతో బీసీ-ఇ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేస్తే, మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నేటికీ నడుస్తోంది. కోర్టుల్లో ఇన్నేళ్లు పోరాడి నిలబెట్టుకున్న నాలుగు శాతాన్ని మన ఇంట్లో బీరువా వెదకక పోగొట్టుకుంటున్నాం.

షేక్, ఖురేషీ, ధోబీ, ఫకీరు, అత్తరు సాయిబు, లబ్బి మొదలైనవి బీసీ-ఇలో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా వంటివారు అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషా, పింజారీ, లద్దాఫ్ వారు బీసీ-బి. ముస్లింలంతా బీసీ-ఇ అని ఎవరో చెప్పగా దూదేకుల కుటుంబాలు బీసీ-ఇకి దరఖాస్తు పెట్టుకుని, విచారణలో తిరస్కరణకు గురై, ఆ ఏడాది కౌన్సెలింగు గడువు దాటిపోయిన సందర్భాలు నా బల్ల మీదే జరిగాయి. సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఏటా 8 లక్షల లోపు ఆదాయముంటే ఈడబ్ల్యూఎస్‌కు వెళ్లవచ్చు. ఆ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం మారగానే చెల్లదు. నిరుటిది జిరాక్సు తీసి పెట్టకండి.

ఇంకొక మెలిక ఉంది. ఇది చాలామందికి తెలియదు. బీసీ-ఇ రాష్ట్ర జాబితా. కేంద్ర ఓబీసీ జాబితాలో ఈ వర్గాలు చేరలేదు. దూదేకుల వారు మాత్రం కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. నీట్‌లో అఖిల భారత కోటా సీట్లకు 2021 నుంచి ఓబీసీకి 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం అమలవుతోంది. కాబట్టి దూదేకుల పిల్లలు అక్కడ ఓబీసీగా, షేక్ పిల్లలు ఆదాయం, ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్‌గా పెట్టుకోవాలి. రాష్ట్ర కోటాకు షేక్ పిల్లలు యథాప్రకారం బీసీ-ఇ. ఒకే పిల్లవాడికి రెండు చోట్ల రెండు ధ్రువపత్రాలు అంటే కచేరీలో కొందరు కొత్త ఉద్యోగులు కూడా అనుమానంగా చూస్తారు. ఓపికగా వివరించండి, తగాదా పడకండి. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. ఎదుటి మనిషి గొంతు పెంచితే ఫైలు అడుగుకు పోతుంది. అలా పోకూడదు, కానీ పోతుంది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఆధారులో 'ఎస్.కె.', పదో తరగతి మెమోలో 'షేక్', బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. తండ్రి పేరు ఒకచోట మౌలా, మరోచోట మౌలాలి. ఇవి సరిచేయడానికి నెలలు పడుతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఈ పని ముగించుకోవాలి. నీట్ ఫలితాల తరువాత కాదు.

సరే, మరో ప్రయత్నం చేయాలా మానాలా అన్నది ఎలా తేల్చుకోవాలి? నేను చెప్పే పద్ధతి ఒకటే. విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నిరుడు మన వర్గంలో చివరి సీటు ఎంత మార్కుకు ఇచ్చిందో కౌన్సెలింగు జాబితాల్లో చూడండి. పిల్లవాడి మార్కు పక్కన రాయండి. మొత్తం 720లో తేడా అరవై, డెబ్బై ఉంటే, పిల్లవాడికి మనసుంటే, ఒక్క ఏడాది ఇవ్వండి. ఆడపిల్లకైనా ఇవ్వండి. ఆడపిల్లకు ముందు ఇవ్వండి. తేడా రెండు వందలు దాటితే ఇల్లు తాకట్టు పెట్టకండి. నీట్‌లో సగం మార్కులు జీవశాస్త్రానివే అయినా సీటు పోయేది ఎక్కువగా భౌతికశాస్త్రంలోనే. ఆ ముప్పావు గంటలో పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కోచింగు ప్రకటన చెప్పదు, పాత ప్రశ్నపత్రం చెబుతుంది.

విదేశీ ఎంబీబీఎస్ గురించి రెండు మాటలే. కిర్గిజ్‌స్తాన్, జార్జియా అంటూ ఏజెంట్లు మన జల్సాల్లోకి కూడా వస్తున్నారు. అక్కడ చదివి వచ్చినవారు ఇక్కడ రాయవలసిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో గత కొన్నేళ్లుగా ప్రతి విడతలోనూ సగానికి మించి తప్పుతున్నారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, ఆంగ్ల మాధ్యమం, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఈ మూడూ రాతపూర్వకంగా ఇవ్వని ఏజెంటుకు టీ కూడా ఇవ్వకండి.

వడ్డీ అప్పు గురించి కొందరు నన్ను అడుగుతుంటారు. అది ఉలమాలను అడగవలసిన విషయం. నేను గుమాస్తాను. నాకు తెలిసినది ఇంతే: బ్యాంకులో విద్యారుణం తప్పని చెప్పి, బజారులో నెలకు నూటికి మూడు రూపాయలకు తెచ్చేవారిని చూశాను. అది ఏ లెక్కన మెరుగో నాకు బోధపడలేదు.

ఇక వ్యాపారం. దీన్ని ఓడిపోయినవాడి దారిగా మాట్లాడటం మానుకుందాం. మన తెలుగు ఇళ్లలో మతంతో నిమిత్తం లేకుండా అలమరలో ఉండే చిన్న సీసా ఒకటుంది, జిందా తిలిస్మాత్. 1920లో హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టారు. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, ఓమపువ్వు. జలుబుకూ దగ్గుకూ పడిశానికీ మా అమ్మీ ఆవిరి నీళ్లలో రెండు చుక్కలు వేసేది. మా పక్కింటి బ్రాహ్మణ మామ్మగారూ అదే వేసేవారు. ఆయన హకీమా, వ్యాపారా? నూరేళ్లు దాటిన ఆ సీసాను చూసి ఎవరూ ఆ ప్రశ్న వేయరు. ఖ్వాజా అబ్దుల్ హమీద్ బెర్లిన్‌లో రసాయన శాస్త్రం చదివి వచ్చి 1935లో బొంబాయిలో సిప్లా పెట్టారు. ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ 2001లో ఎయిడ్స్ మందులను రోజుకు ఒక్క డాలరు లోపు ధరకు ఇస్తామని ప్రకటించారు. అప్పటిదాకా ఏడాదికి పది వేల డాలర్లు దాటిన మందులవి. ఆ ఒక్క వ్యాపార నిర్ణయం ఆఫ్రికాలో ఎన్ని ప్రాణాలు కాపాడిందో డాక్టర్లే చెబుతారు.

అయితే ఈ పేర్లు చెప్పి పిల్లలను ఊరించడం నా ఉద్దేశం కాదు. సిప్లా వేరు, మన వీధి దుకాణం వేరు. మన దుకాణాలకు ముఖ్యమైన లోపం ఒకటుంది. లెక్క లేదు. గల్లాపెట్టెలోంచి కూరగాయలకు తీస్తాం, పెళ్లికి తీస్తాం, రాత్రి మిగిలింది లాభమనుకుంటాం. అరువు గోడమీద బొగ్గుతో రాస్తాం. దుకాణానికీ ఇంటికీ ఒకటే సంచి. బీకాం చదివిన పిల్లవాడు ఆ సంచిని రెండుగా విడదీయగలిగితే అది చాలు, ఆ చదువు పనికి వచ్చినట్టే. ఏడాదికి 40 లక్షలు దాటి సరుకు అమ్మితే జీఎస్‌టీ నమోదు తప్పదు. దానికి భయపడి వ్యాపారాన్ని కావాలని చిన్నదిగా ఉంచుకున్నవారు మనలో ఉన్నారు.

లెక్కల మీద మక్కువ ఉన్న పిల్లలకు సీఏ ఉంది. ఇంటర్ ఏ గ్రూపు అయినా పరవాలేదు. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 40, మొత్తం మీద సగం మార్కులు రావాలి. లాంగ్‌టర్మ్ హాస్టలు ఒక ఏడాది ఖర్చులో సీఏ చదువు రుసుములు చాలా వరకు తీరిపోతాయి. కష్టమైన పరీక్షే, తప్పేవారే ఎక్కువ. కానీ తప్పినా డిగ్రీ చేతిలో ఉంటుంది, నేర్చిన పద్దు చేతిలో ఉంటుంది.

వైద్యం మీద నిజమైన ప్రేమ ఉండి సీటు రానివారికి మధ్య దారులూ ఉన్నాయి. మందుల దుకాణానికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలని చట్టం. డీఫార్మసీ రెండేళ్లు, ఆపైన 500 గంటల శిక్షణ. మనవాళ్లు కొందరు పెట్టుబడి తమది పెట్టి, ఎవరిదో సర్టిఫికెట్ అద్దెకు తెచ్చి గోడకు తగిలిస్తున్నారు. తనిఖీ వచ్చిన రోజు దుకాణం మూతపడుతుంది. ఇంట్లో ఒక పిల్లనో పిల్లవాణ్ణో డీఫార్మసీ చదివిస్తే దుకాణం మనదవుతుంది, లైసెన్సూ మనదవుతుంది. అది వైద్యమూ, వ్యాపారమూ రెండూను. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవారికి రణస్థలం మండలం పైడిభీమవరంలోని మందుల కర్మాగారాలు దగ్గర్లోనే ఉన్నాయి. ఉద్దానంలో, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా, మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అలాంటి చోట్ల డాక్టర్లతోపాటు డయాలిసిస్ సాంకేతిక నిపుణులు, ల్యాబ్ నిపుణులు, నర్సులు కావాలి. ఇవి తక్కువ చదువులని పెళ్లి సంబంధాల దగ్గర మనమే ముఖం చిట్లిస్తున్నాం.

ఆ తండ్రీ కొడుకుల దగ్గరికి వస్తాను. నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. ఇద్దరికీ చెరో పని చెప్పాను. అబ్బాయితో, "వచ్చే ఆదివారం ఉదయం ఈ గదికి వచ్చి నిరుటి నీట్ పేపరు మూడు గంటలు కూర్చుని రాయి. ఇష్టం లేదు కాబట్టి సున్నా తెచ్చుకోవద్దు, నిజాయతీగా రాయి" అన్నాను. తండ్రితో, "ఈ నెల రోజులు దుకాణం పద్దు వాడి చేతికివ్వండి. మీరు తీసే ప్రతి రూపాయీ వాడు రాయాలి" అన్నాను.

అబ్బాయి వచ్చాడు, రాశాడు. మార్కులు మొదటిసారి వచ్చినవాటికి కాస్త అటూ ఇటూగానే ఉన్నాయి. చివరి సీటు మార్కుకు దూరం రెండు వందల పైమాటే. ఆ కాగితం తండ్రి చేతికిచ్చాను. ఆయన మాట్లాడలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

నెల తిరిగేసరికి ఆయనే వచ్చారు, పద్దు పుస్తకంతో. ఊళ్లోని మెకానిక్‌ల దగ్గర అరువు లక్షా నలభై వేలు ఉన్నట్టు తేలింది. అందులో ముప్పై వేలు చెల్లించామని ఒకరంటున్నారు, ఈయనకు గుర్తు లేదు. "ఇల్లు తాకట్టు పెట్టి లక్షన్నర తేవాలనుకున్నాను భాయ్‌సాబ్. అది వీధిలోనే ఉంది" అన్నారు. నవ్వారో, బాధపడ్డారో తెలియలేదు. తెల్లకోటు మాట పూర్తిగా వదులుకోలేదు. చిన్నమ్మాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతి, అది బాగా చదువుతుందట. ఆ పిల్లను అడిగారా అన్నాను. అడగలేదన్నారు. బడి రికార్డులో కులం ఏమని ఉందో చూసి రమ్మన్నాను.

అబ్బాయి బీకాం తరగతులకు వెళుతున్నాడు. సాయంత్రాలు బాకీల పుస్తకం పట్టుకుని మెకానిక్ షెడ్ల చుట్టూ తిరుగుతున్నాడు. సీఏ ఫౌండేషన్ దరఖాస్తు తీసుకున్నాడు, ఇంకా నింపలేదు.

మీలో ఎవరికైనా ధ్రువపత్రాల పని ఉంటే శుక్రవారం తప్ప రోజూ మగ్రిబ్ తరువాత ఆ గదిలోనే ఉంటాను. పదో తరగతి మెమో, ఆధారు, తండ్రి బడి రికార్డు దొరికితే అది కూడా పట్టుకురండి. జిరాక్సులు కాదు, అసలువి.